డిగ్రీ తరువాత జర్మనీలో ఫిజిక్స్ ల్యాబ్ టెక్నీషియన్ ఔస్‌బిల్డుంగ్: నాలాంటివారు చేరవచ్చునా?

గోదావరి_విద్యార్థిని:

అందరికీ నమస్కారం. నేను కాకినాడలో ఈ ఏడాదే ఎం.పి.సి.తో బి.ఎస్సీ. పూర్తి చేశాను. థియరీ పేపర్లకన్నా ప్రాక్టికల్సే నాకు మొదటి నుంచీ ఇష్టం. న్యూటన్ రింగ్స్ ప్రయోగంలో సోడియం దీపం పూర్తిగా వెలిగేవరకు ఆగి, మైక్రోస్కోపులో వలయాలు స్పష్టంగా కనిపించేదాకా గాజు పలకను కొద్దికొద్దిగా సర్దుతూ కూర్చోవడం తోటివారికి విసుగు పుట్టించేది. నాకు మాత్రం ఆ సమయం ఎలా గడిచిపోయేదో తెలిసేది కాదు. ఎం.ఎస్సీ. చేసి లెక్చరర్ కావాలన్న కోరిక గానీ, కోడింగ్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాలన్న ఆసక్తి గానీ నాకు లేవు. పరికరాలతో పనిచేసే ఉద్యోగమే కావాలి.

జర్మనీలో ఫిజిక్‌లబొరాంట్ అనే వృత్తి ఉందనీ, దాని ఔస్‌బిల్డుంగ్‌లో, అంటే వృత్తి శిక్షణలో, చేరినవారు మూడున్నరేళ్ల పాటు ఒక సంస్థలో నెలనెలా భత్యం తీసుకుంటూనే ప్రయోగశాల పని నేర్చుకుంటారనీ ఈమధ్య తెలిసింది. హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీని అడిగితే, సీటు ఇప్పించడానికి కొన్ని లక్షలు కట్టాలనీ, జర్మన్ భాష అక్కడికి వెళ్లాక నేర్చుకోవచ్చుననీ చెప్పారు. డిగ్రీ చేసి మళ్లీ అప్రెంటిస్‌గా చేరడమేమిటని ఇంట్లో నాన్నగారు అడుగుతున్నారు. ఆయనకు సరైన జవాబు చెప్పగలిగేంత సమాచారం నా దగ్గర లేదు. ఈ శిక్షణలో నిజంగా ఏమి నేర్పుతారు, నా డిగ్రీ అక్కడ మేలు చేస్తుందా లేక అడ్డవుతుందా, భాష ఎంత రావాలి, వచ్చే భత్యంతో బతకవచ్చునా అన్న విషయాలు తెలిసిన పెద్దలు దయచేసి వివరించగలరు.

ఉత్తర_జర్మనీ_తెలుగు:

అమ్మా, నేను ఈ శిక్షణ పూర్తి చేసి ప్రస్తుతం ఇక్కడే ఒక పరిశోధన సంస్థలోని వాక్యూమ్ ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. వీసా సంగతులు ఇంకెవరైనా నాకన్నా బాగా చెప్పగలరు కాబట్టి, నేను పని గురించే రాస్తాను.

ఈ శిక్షణ రెండు చోట్ల సాగుతుంది. ఎక్కువ సమయం మీతో ఒప్పందం చేసుకున్న సంస్థలోనూ, మిగిలింది బెరూఫ్స్‌షూలె అనే వృత్తి విద్యాలయంలోనూ గడుస్తుంది. శిక్షణ మధ్యలో ఒక పరీక్ష, చివర ఒక పరీక్ష ఉంటాయి. వాటిని మీ సంస్థ కాకుండా పరిశ్రమ వాణిజ్య మండలి, అంటే ఇక్కడ అందరూ ఐ.హెచ్.కె. అని పిలిచే సంస్థ, నిర్వహిస్తుంది. అందువల్ల ఒక చోట నేర్చుకున్న పనికి దేశమంతటా ఒకే విలువ ఉంటుంది. బ్రౌన్‌ష్వైగ్‌లోని పి.టి.బి., అంటే 1887లో బెర్లిన్‌లో మొదలై హెల్మ్‌హోల్ట్జ్ తొలి అధ్యక్షుడిగా పనిచేసిన జాతీయ కొలతల సంస్థ, యూలిష్‌లోని పరిశోధన కేంద్రం, కొన్ని విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విభాగాలు, గాజు, ఆప్టిక్స్ రంగాలలోని కంపెనీలు ఇలాంటి శిక్షణార్థులను తీసుకుంటాయి. అయితే రసాయనశాస్త్రం వైపు ఉన్న ఖాళీలతో పోలిస్తే ఈ వృత్తిలో స్థానాలు చాలా తక్కువ. ఆ సంగతి ముందే తెలుసుకుని దిగడం మంచిది.

మొదటి నెలల్లో మీకు భౌతికశాస్త్రం చదువుతున్నట్టే అనిపించకపోవచ్చు. ఆకురాయితో లోహపు ముక్కను చదును చేయడం, లేత్ మీదా మిల్లింగ్ యంత్రం మీదా చిన్న భాగాలు తయారుచేయడం, టంకం వేయడం, గీసిన డ్రాయింగును చదవడం, కొలవడం, మళ్లీ కొలవడం వంటి పనులతో మొదలవుతుంది. మన కాలేజీల్లో పరికరం సిద్ధంగా బల్ల మీద ఉంటుంది, మనం రీడింగులు రాసుకుంటాము. ఇక్కడ ఆ పరికరాన్ని నిలబెట్టేవాడే లబొరాంట్ కాబట్టి, చేతిపని రానివారికి తరువాతి దశ ఏదీ అందదు.

కొలవడం అంటే ఏమిటో నాకు మొదట అర్థమైన సందర్భం గేజ్ బ్లాకులతో, అంటే పొడవు కొలతలను సరిచూడడానికి వాడే కచ్చితమైన దిమ్మెలతో, పనిచేసినప్పటిది. పొడవు కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. 100 మిల్లీమీటర్ల ఉక్కు బ్లాకు ఒక్క డిగ్రీ వేడెక్కితే ఒక మైక్రోమీటరు (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా కొంచెం ఎక్కువే పెరుగుతుంది, మనం వెతుకుతున్న తేడా కూడా అంతే ఉండవచ్చు. కాబట్టి బ్లాకును వట్టి చేత్తో పట్టుకున్నవాడు బ్లాకుతో పాటు తన చేతి వేడిని కూడా కొలుస్తున్నట్టే లెక్క. చేతికి తొడుగు వేసుకుని బ్లాకును లోహపు పలక మీద పెట్టి, అది గది ఉష్ణోగ్రతకు వచ్చేవరకు ఆగి, ఆ తరువాతే కొలవాలి. ఫలితం రాసేటప్పుడు పక్కన అనిశ్చితి, అంటే ఆ కొలత ఎంతవరకు అటూఇటూ ఉండవచ్చునో, రాయకపోతే ఆ సంఖ్యను ఇక్కడ ఎవరూ ఫలితంగా ఒప్పుకోరు.

రెండో ఏడు నుంచి ఎలక్ట్రానిక్స్, ఆప్టిక్స్, ఉష్ణోగ్రత కొలతలు, వాక్యూమ్, పదార్థాల పరీక్షలు వస్తాయి. సంస్థలో ఒక్కో ప్రయోగశాలలో కొన్ని నెలల చొప్పున తిప్పుతారు. నేను స్థిరపడిన వాక్యూమ్ పనినే ఉదాహరణగా చెబుతాను. లోపలి గాలిని పంపుతో తీసేయవలసిన స్టీలు ఛాంబరు ఫ్లాంజీల (అతుకు అంచుల) మధ్య రాగి గాస్కెట్ (లీకు కాకుండా మూసే రింగు) పెట్టి బిగిస్తాము. ఫ్లాంజీ అంచున ఉన్న పదును ఆ రాగిలోకి దిగి అతుకును మూస్తుంది కాబట్టి ఒకసారి వాడిన గాస్కెట్ మళ్లీ పనికిరాదు. బోల్టులను వరసగా కాకుండా ఎదురెదురుగా, ఒక్కోదాన్ని కొద్దికొద్దిగా బిగించాలి. లోపలి భాగం మీద వేలిముద్ర పడినా, ఆ జిడ్డు నుంచి వెలువడే ఆవిరి వల్ల పీడనం దిగకుండా నిలిచిపోతుంది. అంతా సరిగానే చేశామనుకున్నా పీడనం దిగకపోతే లోపలికి దూరిన హీలియంను పసిగట్టే లీక్ డిటెక్టరును తగిలించి, సన్నని గొట్టంతో ఒక్కో అతుకు మీద కొంచెం కొంచెంగా హీలియం వదులుతాము. హీలియం గాలికన్నా తేలిక కాబట్టి పై అతుకుతో మొదలుపెట్టి కిందికి రావాలి. కింద మొదలుపెడితే, పైకి లేచిన వాయువు పైనున్న లీకులోకి దూరి, లోపం కిందనే ఉందన్న భ్రమ కలిగిస్తుంది. ఇవన్నీ పుస్తకంలో ఒక పేరా మాత్రమే కానీ, ఛాంబరు ముందు నిలబడి చేసినప్పుడే వంటబడతాయి.

భద్రత విషయంలో వీళ్లు రాజీ పడరు. విద్యుత్తు పనికి ముందు సరఫరా తెంచడం, ఎవరూ తిరిగి కలపకుండా కట్టుదిట్టం చేయడం, విద్యుత్తు లేదని మీటరుతో నిర్ధారించుకోవడం, భూమికి కలిపి షార్ట్ చేయడం, పక్కనున్న విద్యుత్ భాగాలను కప్పడం అనే అయిదు నియమాలు ఇదే క్రమంలో కంఠతా రావాలి. లేజరు గదులకూ, ద్రవ నత్రజని వాడే చోట్లకూ విడిగా నిబంధనలున్నాయి. వారంవారం చేసిన పనిని బెరిష్ట్స్‌హెఫ్ట్ అనే పుస్తకంలో రాసి శిక్షకుడి సంతకం తీసుకోవాలి, అది లేనివారిని చివరి పరీక్షకు అనుమతించరు. మీరు రాసిన తీరు చూస్తే ఈ పనికి మీకు సరిపడే ఓపిక ఉన్నట్టు నాకు అనిపిస్తోంది.

డార్మ్‌ష్టాట్_నివాసి:

పైన రాసినవారు పని గురించి వివరంగా చెప్పారు. నేను కాగితాల గురించీ డబ్బు గురించీ చెబుతాను. అన్నిటికన్నా ముందుగా, ఆ కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కూడా కట్టవద్దని గట్టిగా కోరుతున్నాను. ఔస్‌బిల్డుంగ్ అంటే సీటు కాదు, అది సంస్థతో చేసుకునే శిక్షణ ఒప్పందం. సంస్థ మీకు భత్యం ఇస్తుంది, శిక్షణకు అవసరమైన పనిముట్లను ఉచితంగా సమకూరుస్తుంది. ఆ ఒప్పందం ఐ.హెచ్.కె. దగ్గర నమోదవుతుంది. శిక్షణ కోసం శిక్షణార్థి ఎవరికీ ఫీజు చెల్లించవలసిన అవసరం ఎక్కడా రాదు. భాష అక్కడికి వెళ్లాక నేర్చుకోవచ్చునన్న మాట కూడా మిమ్మల్ని తప్పుదారి పట్టించేదే. బెరూఫ్స్‌షూలెలో పాఠాలు, ఐ.హెచ్.కె. పరీక్షలు, భద్రతా సూచనలు అన్నీ జర్మన్‌లోనే ఉంటాయి. వీసాకు సాధారణంగా బి1 స్థాయి, అంటే రోజువారీ విషయాలు మాట్లాడగల మధ్యస్థాయి జర్మన్, అడుగుతారు. తరగతిలో కూర్చుని అర్థం చేసుకోవాలంటే దాని పై మెట్టయిన బి2 దాకా వెళ్లడం మేలు. హైదరాబాదులో జర్మన్ నేర్పే గ్యోతె సెంట్రం ఉంది కాబట్టి కోర్సు కోసం మీరు తెలుగు రాష్ట్రాలు దాటి వెళ్లనక్కరలేదు.

వీసా జర్మనీ నివాస చట్టంలోని 16ఎ నిబంధన కింద వస్తుంది. సంస్థతో సంతకమైన ఒప్పందం చేతికి వచ్చాకే దరఖాస్తు చేయాలి, అక్కడి ప్రభుత్వ ఉపాధి సంస్థ సమ్మతి కూడా అవసరమవుతుంది. రెండు తెలుగు రాష్ట్రాలవారి దరఖాస్తులు చెన్నైలోని జర్మన్ కాన్సులేటు పరిధిలోకి వస్తాయి. ఒప్పందం లేకుండా జర్మనీకి వచ్చి శిక్షణ స్థానం వెతుక్కోవడానికి మరో వీసా ఉంది. దానికి 35 ఏళ్ల లోపు వయసు, బి1 జర్మన్, తగిన చదువు, తొమ్మిది నెలల వరకు సొంత ఖర్చుతో ఉండగల స్తోమత కావాలి. ఫిజిక్‌లబొరాంట్ స్థానాలు ఎంత తక్కువో పైన చదివారు కదా. అప్పు చేసి ఆ వీసా మీద రావడాన్ని నేను సమర్థించలేను. ఇంటి దగ్గర ఉండే దరఖాస్తులు పంపండి, చాలా సంస్థలు మొదటి ఇంటర్వ్యూను వీడియో ద్వారానే జరుపుతాయి.

భత్యం సంస్థను బట్టి చాలా మారుతుంది. 2025లో మొదలైన శిక్షణలకు చట్టం నిర్ణయించిన కనీస భత్యం మొదటి ఏడాది నెలకు 682 యూరోలు, ఏడాదికేడాది అది పెరుగుతుంది. ప్రభుత్వ రంగ ఒప్పందం వర్తించే పరిశోధన సంస్థలలో మాత్రం మొదటి ఏడాదే 1,200 యూరోలు దాటుతుంది. అందులో సుమారు అయిదో వంతు ఆరోగ్య, పింఛను వంటి సామాజిక బీమాలకు పోతుంది. కాబట్టి ఒకే పని నేర్పే రెండు సంస్థలలో ఒకచోట అద్దె కట్టుకుని నిలదొక్కుకోగలరు, మరోచోట నెలనెలా ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవలసి రావచ్చు. ఒప్పందంలో భత్యం అంకెను, నగరంలో గది అద్దెను పక్కపక్కన పెట్టి చూసుకోండి. శిక్షణ కాలంలో వారానికి 20 గంటల వరకు మరో పని చేసుకోవడానికి 2024 మార్చి నుంచి చట్టం అనుమతిస్తోంది. కానీ రోజంతా ప్రయోగశాలలో నిలబడి, సాయంత్రం జర్మన్‌లో పాఠాలు చదువుకునేవారికి ఆ ఓపిక మిగలడం కష్టం.

మరొక మాట. ప్రొబేషన్ కాలం గరిష్ఠంగా నాలుగు నెలలు. ఆ వ్యవధిలో ఇరుపక్షాలలో ఎవరైనా కారణం చెప్పకుండానే ఒప్పందాన్ని ముగించవచ్చు. అది దాటాక గట్టి కారణం లేకుండా సంస్థ మిమ్మల్ని తీసివేయలేదు. మీకు ఈ వృత్తి వద్దనిపిస్తే నాలుగు వారాల నోటీసుతో మానుకోవచ్చు. శిక్షణ పూర్తిచేసి అదే వృత్తిలో రెండేళ్లు పనిచేసి, పింఛను చందాలు కట్టి, మిగతా షరతులు నెరవేర్చినవారు శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. నాన్నగారికి చెప్పవలసిన విషయాలలో ఇది ముఖ్యమైనదని నా అభిప్రాయం.

ల్యాబు_పెద్దమనిషి_హైదరాబాదు:

నేను జర్మనీ వెళ్లినవాడిని కాదు. హైదరాబాదులోని ఒక కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో టెక్నికల్ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మీ నాన్నగారి ప్రశ్న న్యాయమైనదే కాబట్టి దానికే జవాబు రాస్తున్నాను.

మన దగ్గర డిగ్రీ చదివినవాడు పనిముట్టు పట్టుకోవడాన్ని దిగిపోవడంగా చూసే అలవాటు బలంగా ఉంది. దానివల్ల మన ప్రయోగశాలలకు ఎంత నష్టం జరిగిందో నేను కళ్లారా చూశాను. కోట్ల విలువైన పరికరం వస్తుంది, దాన్ని వాడుకుని పేపర్లు రాసే పరిశోధకులు ఉంటారు, కానీ పంపు నూనె మార్చడానికీ, చెడిపోయిన పవర్ సప్లై విప్పి చూడడానికీ చేయి తిరిగినవారు ఉండరు. కంపెనీ ఇంజినీరు వచ్చేదాకా పరికరం మూలన పడి ఉంటుంది. అలాంటి చోట నాలుగు రకాల పనులు తెలిసిన టెక్నీషియన్ ఒకరుంటే ప్రొఫెసర్లు కూడా ఆయన తీరిక చూసుకుని ప్రయోగం పెట్టుకుంటారు. కాబట్టి అప్రెంటిస్ అన్న పేరు విని చిన్నతనంగా భావించవలసిన పని లేదు.

అయినా డిగ్రీ వల్ల రెండు చిక్కులు వస్తాయని మీరు తెలుసుకోవాలి. అక్కడ ఈ శిక్షణకు ఎక్కువగా పాఠశాల చదువు పూర్తిచేసిన పిల్లలు వస్తారు. డిగ్రీ ఉన్న మనిషి ఎందుకు వస్తున్నదన్న అనుమానం సంస్థకూ కలుగుతుంది, వీసా అధికారికీ కలుగుతుంది. జర్మనీ చేరడానికి ఇదొక దారి అని మీ దరఖాస్తు ఉత్తరంలో ఎక్కడ కనిపించినా అక్కడితో ఆగిపోతుంది. మీరు ఇక్కడ రాసిన మొదటి పేరాలోని మాటలనే, ఏ ప్రయోగంలో ఏ పని మీ చేతులతో చేశారో వివరంగా జర్మన్‌లో రాయండి. రెండోది, డిగ్రీ ఉంది కాబట్టి శిక్షణ కాలాన్ని తగ్గించమని అడగాలన్న ఆలోచన వస్తుంది. సంస్థా మీరూ కలిసి దరఖాస్తు చేస్తే తగ్గించే వీలు చట్టంలో ఉందని విన్నాను. కానీ భాషా పనీ రెండూ కొత్తగా నేర్చుకునేవారికి ఆ తొందర వద్దని నా సలహా.

ఇక్కడి దారిని కూడా మూసేయకండి. భాభా అణు పరిశోధన కేంద్రం, కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం వంటివి స్టైపెండియరీ ట్రైనీల కోసం ప్రకటనలు ఇస్తుంటాయి. అందులో మొదటి కేటగిరీకి డిప్లొమా వారితో పాటు ఫిజిక్స్ చదివిన బి.ఎస్సీ. వారిని, 60 శాతం మార్కుల నిబంధనతో, తీసుకుంటారు. స్టైపెండుతో రెండేళ్లు శిక్షణ ఇచ్చి, అది విజయవంతంగా పూర్తిచేసినవారిని సైంటిఫిక్ అసిస్టెంటు స్థాయి ఉద్యోగాలలోకి తీసుకునే పద్ధతి అది. వయోపరిమితి తక్కువ కాబట్టి ఈ రెండుమూడేళ్లలోనే ప్రయత్నించాలి. జర్మన్ నేర్చుకుంటూ ఈ ప్రకటనలకు దరఖాస్తు చేయడంలో పోయేదేమీ లేదు.

గోదావరి_విద్యార్థిని:

ఇంత ఓపికగా రాసిన మీ ముగ్గురికీ నా హృదయపూర్వక నమస్కారాలు. నాన్నగారికి మీ జవాబులన్నీ చదివి వినిపించాను. బి1 పూర్తయ్యేవరకు హైదరాబాదులో మా పిన్నిగారింట్లో ఉండి చదువుకోవడానికి ఆయన ఒప్పుకున్నారు. కన్సల్టెన్సీ ఊసు ఇక ఇంట్లో లేదు. స్టైపెండియరీ ట్రైనీ ప్రకటన వస్తే దానికీ దరఖాస్తు చేస్తాను.

ఇంకొక్క సందేహం మిగిలింది. దరఖాస్తులు ఎప్పుడు మొదలుపెట్టాలి? ఫిజిక్‌లబొరాంట్ స్థానాలు మరీ తక్కువైతే దానికి దగ్గరగా ఉండే ఇతర వృత్తులు ఏమైనా ఉన్నాయా?

ఉత్తర_జర్మనీ_తెలుగు:

నాన్నగారు ఒప్పుకున్నందుకు సంతోషం. శిక్షణ సాధారణంగా ఆగస్టులో గానీ సెప్టెంబరులో గానీ మొదలవుతుంది, పెద్ద సంస్థలు దాదాపు ఏడాది ముందే ప్రకటనలు పెట్టి ఆ శరదృతువులోనే ఎంపికలు జరుపుతాయి. మీకు వీసాకు పట్టే నెలలు కూడా కలుపుకోవాలి కాబట్టి, బి1 చేతికి రాగానే వచ్చే తొలి శరదృతువును లక్ష్యంగా పెట్టుకోండి. ప్రకటనల కోసం జర్మనీ ఉపాధి సంస్థ పోర్టలునూ, మేక్ ఇట్ ఇన్ జర్మనీ అనే ప్రభుత్వ వెబ్‌సైటునూ, పైన చెప్పిన సంస్థల సొంత పేజీలనూ చూస్తూ ఉండండి. చిన్న విశ్వవిద్యాలయాలు ఏటా కాకుండా రెండు మూడేళ్లకొకసారి ఒకరిద్దరిని మాత్రమే తీసుకునే సందర్భాలుంటాయి. అలాంటి చోట భౌతికశాస్త్ర విభాగంలోని శిక్షకుడికి నేరుగా మర్యాదగా ఒక మెయిలు రాసి అడగడం ఇక్కడ తప్పుగా భావించరు.

దగ్గరి వృత్తులలో వెర్క్‌ష్టోఫ్‌ప్రూఫర్, అంటే పదార్థాలను పరీక్షించే వృత్తి, మీకు బాగా నప్పవచ్చు. అదీ మూడున్నరేళ్లదే, లోహాలను లాగి, వంచి, కోసి మైక్రోస్కోపు కింద చూసి అవి ఎందుకు విరిగాయో తేల్చడం అందులో పెద్ద భాగం. మైక్రోటెక్నొలోగె మూడేళ్లది, చిప్పుల తయారీలో దుమ్ము చేరకుండా ఉంచే క్లీన్‌రూముల పని అందులో ఎక్కువ. రసాయన ప్రయోగశాలలో పనిచేసే కెమీలబొరాంట్ స్థానాలు వీటన్నిటికన్నా ఎక్కువ దొరుకుతాయి. డిగ్రీలో మీకు కెమిస్ట్రీ కూడా ఉంది కాబట్టి అర్హత విషయంలో ఇబ్బంది ఉండదు, కానీ ఇష్టం లేకుండా దొరికిందని మాత్రమే అందులో చేరితే మూడున్నరేళ్లు భారంగా గడుస్తాయి. పరికరాలను సర్దే పనే కావాలన్నారు కాబట్టి నేనైతే ఫిజిక్‌లబొరాంట్‌కూ వెర్క్‌ష్టోఫ్‌ప్రూఫర్‌కూ కలిపి దరఖాస్తులు పంపమంటాను.

ఎంపిక పరీక్షల్లో పెద్ద ప్రశ్నలేమీ అడగరు. యూనిట్ల మార్పిడి, ఓమ్ నియమం, శాతాలు, కొంచెం త్రికోణమితి, ఒక డ్రాయింగు చూసి వస్తువు ఆకారం చెప్పడం వంటివి జర్మన్‌లో, గడియారం చూసుకుంటూ చేయాలి. కొన్ని సంస్థలు ఒక తీగను బొమ్మలో చూపినట్టు వంచమని కూడా ఇస్తాయి. బి1 చదువుతున్నప్పుడే అక్కడి పదో తరగతి ఫిజిక్స్ పాఠాలను జర్మన్‌లో చదవడం మొదలుపెట్టండి. లెక్క తెలిసి కూడా ప్రశ్న అర్థం కాక ఆగిపోయేవారే మనవాళ్లలో ఎక్కువ.